హ్యామర్ వదిలే ముందు

చి. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

కాకినాడలో ఎంటెక్ ప్రాజెక్టుకి టంగ్‌స్టన్ హెవీ ఎల్లాయ్ తీసుకున్నావట, మీ అమ్మ చెప్పింది. మంచిదే గానీ మొండి సరుకు. నూటికి 90 నుంచి 97 పాళ్లు టంగ్‌స్టనే, మిగతాది ఎక్కువగా నికెల్, ఇనుము. ఖరీదు ఎక్కువ కనుక పెద్ద ముక్కలు ఎవరూ ఇవ్వరు. చిన్న శాంపిళ్లతోనే నెట్టుకురావాలి.

చార్పీ అంటే ఊగే హ్యామర్‌తో ముక్కని ఒక్క దెబ్బకి విరగ్గొట్టి, అది ఎన్ని జౌల్స్ శక్తి మింగిందో చూసే పరీక్ష కదా. దాని శాంపిల్ పూర్తి సైజు 10×10×55 మిల్లీమీటర్లు. నీకు 5 మిల్లీమీటర్ల మందం దొరికితే, వచ్చిన రీడింగ్‌ని రెండుతో హెచ్చవేసి పూర్తి సైజు విలువని రాసెయ్యకు. మందం మారితే విరిగే తీరే మారుతుంది. ఒకే సైజు వాటిని ఒకదానితో ఒకటి పోల్చుకో, చాలు. ఈ లోహానికి నాచ్, అంటే మధ్యలో గాటు, పెడితే రీడింగ్ మరీ తగ్గిపోయి తేడాలు తెలియవు. అందుకే నాచ్ లేకుండా కొట్టడం కూడా ఉంది. ఏది చేస్తావో మీ గైడ్‌ని అడిగి ముందే ఖాయం చేసుకో.

వైర్‌కట్ (కరెంటు నిప్పురవ్వలతో తీగ కోసే కోత) చేయించాక పైన కరిగి గట్టిపడిన పొర ఒకటి మిగులుతుంది, దాంట్లో సన్నని పగుళ్లుంటాయి. ఎమెరీ పేపర్‌తో తీసెయ్. పొడవు వెంటే రుద్దు, అడ్డంగీతలు పడితే అవే నాచ్‌లవుతాయి.

ఆ ముక్క ఫర్నేస్‌లోంచి ఎలా బయటికొచ్చిందో కనుక్కో. హైడ్రోజన్‌లో సింటరింగ్ (పొడిని వేడిచేసి ముద్దగా అతికించడం) చేసి, లోపల చేరిన హైడ్రోజన్‌ని వ్యాక్యూమ్‌లోనో ఆర్గాన్‌లోనో వేడిచేసి వదిలించకపోతే పెళుసుగా ఉంటుంది. నిదానంగా చల్లార్చినా భాస్వరం, గంధకం లోపలి టంగ్‌స్టన్ గింజల అంచులకు చేరి పట్టు సడలిపోతుంది. అదే కూర్పు, అదే సాంద్రత, రీడింగ్ మాత్రం పాతాళంలో! అప్పుడు మిషన్‌ని తిట్టుకోకుండా విరిగిన ముఖాన్ని ఎస్ఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) కింద పెట్టు. పనసతొన ఊడిన చోటులా నున్నటి గుంటలు కనిపిస్తే అంచులు విడిపోయినట్టు. గింజలే బద్దలై చదునుగా మెరుస్తుంటే అంచులు గట్టిగా పట్టుకున్నట్టు. నన్నడిగితే, జౌల్స్ పట్టిక కన్నా ఆ ఫొటోలే విలువైనవి.

మన తీరం గాలి తెలుసుగా, ఉప్పూ తేమా. విరిగిన ముఖాన్ని చేత్తో ముట్టుకోకుండా వెంటనే సిలికా జెల్ డెసికేటర్‌లో, అంటే తేమ చేరని మూత డబ్బాలో, పెట్టెయ్. మే నెలలో కరెంటు పోయి ఏసీ ఆగితే గది వేడెక్కుతుంది, ప్రతి రీడింగ్ పక్కన ఉష్ణోగ్రత కూడా రాసుకో.

రోజూ ముందు హ్యామర్‌ని ఖాళీగా ఊపి ముల్లు సున్నాకి వస్తోందో లేదో చూడు. చిన్న ముక్కకి చిన్న హ్యామర్ అడుగు, 300 జౌల్స్ దాని మీద రెండు మూడు జౌల్స్ రీడింగ్‌ని నమ్మలేం. గార్డు తలుపు వెయ్యకుండా మాత్రం వదలొద్దు. ముక్కలు ఎటు ఎగురుతాయో చెప్పలేం.

మావయ్య, అమలాపురం