విజయనగరంలో మా మేడ మెట్లకి స్టెయిర్ లిఫ్ట్ పెట్టించాలి, ఏ కంపెనీది మంచిది?

మీరు రాసినది: నాన్నగారికి 74 ఏళ్ళు, పక్షవాతం వచ్చి ఎడమ వైపు బలహీనం, కింద వాటా అద్దెకిచ్చి మీరు పైన ఉంటున్నారు, మెట్లు మధ్యలో మలుపు తిరుగుతాయి. ఏ కంపెనీది కొనాలి, ఎంతవుతుంది అని అడిగారు.

స్టెయిర్ లిఫ్ట్ అంటే మెట్ల వెంబడి బిగించిన రెయిలు మీద మనిషిని కూర్చోబెట్టుకుని ఎక్కే మోటారు కుర్చీ. కంపెనీ సంగతి ఆఖర్న చూసుకోవచ్చండి. ముందు టేపు పట్టుకుని మెట్ల దగ్గరికెళ్ళండి. మన వైపు ఇళ్ళలో మెట్లు ప్లానులో పుట్టవు, మిగిలిన జాగాలో పుడతాయి. గదులన్నీ వేసుకున్నాక మూలన మిగిలిన ముక్కలో మేస్త్రి మెట్లు తిప్పేస్తాడు. కింది మెట్టు ఆరంగుళాలు, మధ్యవి ఏడు, పైకి చేరేసరికి లెక్క కుదరక ఆఖరిది తొమ్మిది. పైగా దాని మీద అద్దంలా మెరిసే గ్రానైటు! ఏ లిఫ్ట్ పడుతుందో, ఎంతవుతుందో చెప్పేది ఆ మెట్లే, అమ్మేవాడి బ్రోషరు కాదు.

వెడల్పు గోడ నుంచి రెయిలింగ్ వరకు, అన్నిటికన్నా ఇరుకైన చోట కొలవండి. 30 అంగుళాల లోపుంటే కష్టమే, 34 పైన ఉంటే హాయి. తర్వాత నాన్నగారిని గోడకి వీపు ఆనించి కుర్చీలో కూర్చోబెట్టి, గోడ నుంచి మోకాలిచిప్ప దాకా కొలిచి, వెనక ఉండే యంత్రానికి ఇంకో నాలుగైదు అంగుళాలు కలపండి. ఆ లెక్క మెట్ల వెడల్పుకి దగ్గరగా వస్తే దారి పొడుగునా మోకాళ్ళు రెయిలింగ్‌కి రాసుకుంటాయి. మలుపు దగ్గర తల మీద బీమ్ ఉందా, కింది మెట్టు ఎదురుగా తలుపు ఉందా చూడండి. రెయిలు కింద ఇంచుమించు అడుగు దూరం నేల మీదకి వస్తుంది. అక్కడే తలుపుంటే మడత రెయిలు కావాలి, దానికి వేరే డబ్బు. కుర్చీ మడిచి పెట్టినా మెట్ల మీద 12 నుంచి 14 అంగుళాలు తింటుంది. కాబట్టి మెట్ల మీద చెప్పుల స్టాండు, ఖాళీ గ్యాస్ బండ పెట్టుకునే అలవాటుంటే ఇప్పుడే మానేయాలి.

రెయిలుని గోడకి బిగిస్తారని చాలామంది అనుకుంటారు. బిగించేది మెట్లకే. కుర్చీ కింద మోటారుకున్న పళ్ళ చక్రం రెయిలు మీది పళ్ళని పట్టుకుని పైకి పాకుతుంది. తిన్నని మెట్లకి అల్యూమినియం రెయిలు రెడీగా దొరుకుతుంది, కోసి బిగించేస్తారు. పొద్దున మొదలుపెడితే సాయంత్రానికి పని అయిపోతుంది, రేపు అక్కర్లేకపోతే విప్పి ఇంకొకరికి అమ్ముకోవచ్చు కూడా. మలుపు తిరిగే మెట్లకి వేసే వంపు రెయిలు అలా కాదు. మీ మెట్ల ఫొటోలు, కొలతలు తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో మీ ఇంటికోసమే వంచుతారు. తిన్నని దానికి రెండు మూడింతలు ఖర్చు, రావడానికి నెలలు. ఇంకో ఇంటికి పనికిరాదు. కొలతలు తీసుకున్నాక మెట్ల మీద కొత్తగా గ్రానైటు వేయించారో, ఆ ముప్పావు అంగుళం తేడాకే రెయిలు కాళ్ళు కుదరవు. రాయి వేయించాలనుకుంటే వేయించాకే కొలతలకి పిలవండి.

మీలాంటి మెట్లకి ఇంకో దారి ఉంది, అమ్మేవాళ్ళు దాన్ని ఊరికే చెప్పరు. కింది వరసకి ఒకటి, పై వరసకి ఒకటి, రెండు తిన్నని లిఫ్టులు. మధ్య అరుగు మీద ఒకటి దిగి రెండోది ఎక్కాలి. రెండూ కలిపినా మామూలుగా వంపు దానికన్నా తక్కువకే వస్తాయి. కానీ అరుగు మీద నాన్నగారు లేచి నిలబడి రెండడుగులు వేయగలగాలి, ఒక కుర్చీ దిగిన చోట రెండోది అడ్డం కాకుండా చోటుండాలి. ఆయన సొంతంగా లేవలేకపోతే ఈ ఆలోచన వదిలేసి వంపు రెయిలుకే డబ్బు కూడబెట్టండి.

ఇక పైన దిగడం. అసలు ప్రమాదం అక్కడే. ఎక్కడంలో ఏముంది, ఊరికే కూర్చోవడమే కదా. యూరప్ ప్రమాణం ఇఎన్ 81-40 ప్రకారం వేగం సెకనుకి 0.15 మీటరు దాటకూడదు. 18 మెట్లు నిదానంగా నిమిషంలో ఎక్కుతుంది. పైకి చేరాక కుర్చీ ఆగుతుంది, ఆయన పక్కకి తిరిగి కూర్చుని ఉంటారు, కాళ్ళ కింద ఒక్క పలక, పలక అంచు దాటితే 18 మెట్ల లోతు. అందుకే కుర్చీ అరుగు వైపు తిరగాలి. సీటు పక్కన మీట నొక్కి తిప్పితే వీపు మెట్లకి, ముఖం గది వైపు వస్తుంది, అక్కడ గట్టిగా లాక్ పడాలి. ఆ మీట ఎడమ పక్కన ఉందనుకోండి, నాన్నగారికి లేనట్టే. కుడి చేతికి అందేది అడగండి, కుదిరితే మోటారుతో తిరిగే సీటు. నడిపే బొత్తాం కూడా కుడి చేతి మీదే ఉండాలి. నొక్కి పట్టినంతసేపే కదులుతుంది, వేలు తీస్తే ఆగుతుంది, కాబట్టి ఆ వేలుకి బలం ఉండాలి.

రెయిలు మెట్లకి ఏ పక్కన రావాలన్నది కూడా ముందే తేల్చుకోండి. వీలుంటే ఎక్కేటప్పుడు కుడి చేతి వైపు పెట్టించండి. అప్పుడు పైన ఆయన కుడి వైపుకి, అంటే బలమున్న వైపుకి తిరిగి దిగుతారు. మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు ఫిజియోథెరపిస్టు నేర్పేది ఇదే. దిగిన చోట కుడి చేతికి అందేలా గోడకి స్టీలు పట్టు ఒకటి బిగించండి. ఇంకొక్కటి: పక్షవాతం వచ్చిన చెయ్యి ఆయనకి తెలీకుండానే పక్కకి జారి వేలాడుతుంది, కాలు కూడా పలక మీంచి జారుతుంది. పలక అంచుకి ఏదైనా తగిలితే లిఫ్ట్ ఆగిపోతుంది నిజమే, కానీ చెయ్యి జారినట్టు దానికి తెలీదు. బెల్టు పెట్టి, ఒళ్ళో దిండు పెట్టి, ఎడమ చెయ్యి దాని మీద ఉంచండి. కూర్చోవడానికే నిలకడ లేకపోతే మామూలు నడుము బెల్టు చాలదు, భుజాల మీంచి వచ్చే బెల్టు అడగాలి.

కరెంటు పోతే ఎలా అన్నది అందరూ భయపడేదే, మన జిల్లాల వాళ్ళు భయపడాలి కూడా. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీకి ఎన్ని ఊళ్ళు చీకట్లో ఉన్నాయో చూశాం. ఈ లిఫ్ట్ నడిచేది బ్యాటరీల మీదే, కరెంటు వాటిని ఛార్జి చేయడానికే. సీటు కింద 12 వోల్టులవి రెండుంటాయి, నిండా ఛార్జి ఉంటే మామూలుగా పదిసార్ల దాకా లాగుతుంది. ఛార్జరు తీసుకునేది చాలా తక్కువ, కాబట్టి ఆ ప్లగ్ ఇన్వర్టర్ లైను మీద పెట్టించండి. మన ఎండలకి ఆ బ్యాటరీలు మూడు నాలుగేళ్ళకి మార్చాల్సి వస్తుంది. వారంటీలో బ్యాటరీకి వేరే గడువు రాస్తారు, చదివి సంతకం పెట్టండి.

బిగించే రోజు పెద్ద పోరు గ్రానైటుతోనే. సుత్తి డ్రిల్ పెట్టేస్తే అంచు దగ్గర రాయి పెట్లుతుంది. డైమండ్ బిట్‌తో, నీళ్ళు పోస్తూ, సుత్తి దెబ్బ ఆపేసి రాయి దాటే వరకు తొలిచి, ఆ తర్వాతే కాంక్రీటులోకి వెళ్ళాలి. యాంకర్ బోల్టు పట్టాల్సింది కాంక్రీటుని, రాయిని కాదు. రాయి కింద ఇసుక, సిమెంటు డొల్లగా ఉంటే బోల్టు మొదట గట్టిగా ఉన్నట్టే ఉండి నెల్లాళ్ళకి ఊగుతుంది. మెట్టు మీద నాణెంతో తట్టి చూడండి, డొల్ల మోత వస్తే ఆ మెట్టు వదిలి పక్క మెట్టుకి రెయిలు కాలు వేయమనండి. మెట్ల దీపానికి వైరు ఎటునుంచి వెళ్ళిందో కూడా ముందే చూపించండి.

ఆ తర్వాత పాడుచేసేది మనమే. పండగ ముందు బకెట్లతో నీళ్ళు గుమ్మరించి మెట్లు కడుగుతామా, ఆ నీళ్ళు రెయిలు కాళ్ళ దగ్గర నిలిచి, కుర్చీ ఆగిన చోట బ్యాటరీని ఛార్జి చేసే పట్టీల్లోకి చేరతాయి. తడిగుడ్డతో తుడవండి చాలు. భోగాపురం, కళింగపట్నం, బారువ లాంటి తీరపు ఊళ్ళలో, అందులోనూ బయటి మెట్లకైతే, ఉప్పుగాలికి తట్టుకునే అవుట్‌డోర్ రకమే తీసుకోవాలి, కవరు కప్పి ఉంచాలి.

సర్వీసు మనిషి ఎక్కడినుంచి వస్తాడో రాతపూర్వకంగా అడగండి. విశాఖ నుంచైతే విజయనగరానికి గంటన్నర, శ్రీకాకుళానికి ఇంకాస్త. హైదరాబాదు, చెన్నై నుంచైతే నాన్నగారు రెండ్రోజులు మేడ మీదే. ఒక్కోసారి రావడానికి ఎంత తీసుకుంటాడు, కంట్రోల్ బోర్డు, పలక స్విచ్చి స్టాకులో ఉంటాయా, ఇవన్నీ ధర కన్నా ముందు మాట్లాడుకోవాలి. మొత్తం డబ్బు ముందే ఇవ్వకండి. పదో వంతైనా ఆపి, నాన్నగారిని కూర్చోబెట్టి, మెయిన్ స్విచ్ ఆపేసి, పైకీ కిందకీ నాలుగుసార్లు తిప్పి చూశాక ఇవ్వండి.

మీరు అడగలేదు గానీ అనకుండా ఉండలేను. కింద వాటాకి అద్దె నెలకి ఎంతొస్తోందండి? విజయనగరంలో చిన్న వాటా అద్దెతో పోలిస్తే ఈ వంపు రెయిలు ఖర్చు ఎన్నేళ్ళ అద్దెకి సమానమో ఒకసారి కాగితం మీద వేసుకోండి. కింద వాటా ఖాళీ చేయించి, బాత్రూంలో వెస్టర్న్ కమోడ్, రెండు పట్టులు, గడప దగ్గర చిన్న వాలు పెడితే ఆయన సాయంత్రం వీధి అరుగు మీద కూర్చుని నలుగురితో మాట్లాడతారు. "అద్దెకున్నవాళ్ళు మంచోళ్ళు, ఎలగ పొమ్మంటాం" అంటారు. మంచోళ్ళే, మేడ మీదికి వాళ్ళు వెళ్ళొచ్చు కదా.

అయినా లిఫ్టే కావాలనుకుంటే, బిగించిన రోజునే ఇది చేయండి. మనింట్లో ఎవరో ఒకరు రాత్రి పడుకోబోయే ముందు కనిపించిన స్విచ్ అల్లా ఆపేస్తారు. ఛార్జరు స్విచ్ ఆపితే నాలుగు రోజులకి కుర్చీ మధ్య మెట్టు మీద ఆగిపోతుంది, "లిఫ్ట్ పాడైంది" అని కంపెనీకి ఫోను. మడిచిన కుర్చీ అడ్డమని మెట్ల మధ్యలో వదిలేసినా అంతే, ఛార్జింగ్ పట్టీలు మామూలుగా రెయిలు రెండు చివర్లలోనే ఉంటాయి, మధ్యలో వదిలితే అది బీప్‌మని అరుస్తుంది, ఆ అరుపు దేనికో ఇంట్లో అందరికీ చెప్పండి. స్విచ్ మాత్రం ఆన్ చేసి పైన టేపు అంటించేయండి.