అమెరికా వెళ్లేముందు లిఫ్ట్–ఎలివేటర్ జాబితా బట్టీ పట్టాలా?

మన ఇంగ్లిషు మాటలకి బదులు అమెరికావాళ్లు వాడే మాటల జాబితాని వెళ్లేముందు బట్టీ పట్టాలా అని ఒకరు అడిగారు. అక్కర్లేదండీ. ఆ ప్రశ్నలో రాసిన లిఫ్ట్–ఎలివేటర్, టార్చ్–ఫ్లాష్‌లైట్, బ్రింజాల్–ఎగ్‌ప్లాంట్ అన్నీ పేరు వేరైనా వస్తువు ఒకటే. లిఫ్ట్ ఎక్కడని అడిగితే అక్కడ ఎవరైనా వేలు పెట్టి చూపిస్తారు. వంకాయ ఎదురుగా కనిపిస్తుంది, పేరు రాకపోయినా తీసి బుట్టలో వేసుకోవచ్చు. కొంప ముంచేవి పేరు ఒకటే ఉండి వస్తువు వేరైన మాటలు. ముందు తెలుసుకోవాల్సింది వాటినే.

వీటిలో మొదటిది కార్న్‌ఫ్లోర్. మన దగ్గరా, ఇంగ్లండ్‌లోనూ కార్న్‌ఫ్లోర్ అంటే మొక్కజొన్న గింజలోంచి తీసిన తెల్లటి గంజిపొడి. అమెరికాలో దాని పేరు కార్న్‌స్టార్చ్. అక్కడ ప్యాకెట్ మీద కార్న్‌ఫ్లోర్ అని ఉంటే లోపల ఉండేది గింజనే మెత్తగా పట్టించిన పిండి, ఎక్కువగా పసుపు రంగులో. పక్క అరలో మాసా హరీనా అని ఇంకోటి ఉంటుంది. అది మొక్కజొన్నల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, తర్వాత పట్టించిన టోర్టియాల పిండి. మూడూ మూడు దార్లు.

గోబీ మంచూరియా చేసేటప్పుడు ఏమవుతుందో చూడండి. ఒక మోస్తరు పువ్వుకి అరకప్పు మైదా, పావుకప్పు కార్న్‌ఫ్లోర్ అని ఉంటుంది. ముక్కల పూత వరకు ఆ పసుపు రంగు మొక్కజొన్న పిండి వేసినా గండం గడిచిపోతుంది, కాస్త గరుగ్గా వేగుతుందంతే. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో చేపలు వేయించేది ఇలాంటి మొక్కజొన్న పిండితోనే. దెబ్బ తగిలేది సాస్‌లో. కప్పు సాస్‌కి ఒక టేబుల్‌స్పూన్ గంజిపొడిని మూడు స్పూన్ల చన్నీళ్లలో కలిపి, సాస్ మరుగుతుండగా తిప్పుతూ పోస్తే నిమిషంలో చిక్కబడి అద్దంలా మెరుస్తుంది. పొడిని నేరుగా వేడి సాస్‌లో వేస్తే పైపొర ముందు ఉడికిపోయి, లోపల పొడి అలాగే మిగిలి ఉండలు కడుతుంది. అందుకే చన్నీళ్లు. ఇక పసుపు పిండిలో గంజితోపాటు మాంసకృత్తులు, కొవ్వు, పీచు కూడా ఉంటాయి. ఎంత తిప్పినా ఆ మెరుపు రాదు, మసకగా జావలా ఉంటుంది. చిక్కబడలేదని ఇంకో రెండు స్పూన్లు వేస్తారు. ఐదు నిమిషాలయ్యాక మూత తీస్తే సోయా సాస్ వేసిన సంకటి!

అమెరికా దుకాణంలో కార్న్‌ఫ్లోర్ అన్న పేరు నమ్మకండి, కార్న్‌స్టార్చ్ అని ఉందేమో చూడండి. ఇంట్లో అయితే చిటికెడు తీసి వేళ్ల మధ్య గట్టిగా నొక్కండి, గంజిపొడి కిర్రుమంటుంది. గింజ పిండి ఆ చప్పుడు చెయ్యదు.

ఇందులో మనవాళ్ల పుణ్యమూ ఉంది. తెలుగు వంట వీడియోల్లో కార్న్‌ఫ్లోర్‌ని తీసుకెళ్లి మొక్కజొన్న పిండి అని తెలుగు చేసేస్తారు. మొక్కజొన్న పిండి అంటే రొట్టెలు చేసుకునేది కదా! గంజిపొడి అని చక్కని మాట ఉండగా ఈ అనువాదం ఎందుకో నాకు అర్థం కాదు. ఆస్ట్రేలియావాళ్లు ఇంకో ఆకు ఎక్కువే చదివారు. వీటన్ కార్న్‌ఫ్లోర్ అని అమ్ముతారు, అది గోధుమ గంజి. గోధుమలో ఉండే గ్లూటెన్ పడనివాళ్లు ఆ ప్యాకెట్ దగ్గర జాగ్రత్త.

ఆస్ట్రేలియా ఎత్తాం కాబట్టి కొలతలు కూడా. కప్పు తేడా చిన్నదే, అమెరికాది సుమారు 240 మి.లీ., వాళ్లది 250. టేబుల్‌స్పూన్ మాత్రం అమెరికాలో 15 మి.లీ. అయితే అక్కడ 20. పచ్చడికి 3 టేబుల్‌స్పూన్ల ఉప్పు అని ఆ స్పూనుతో వేస్తే 45కి బదులు 60 మి.లీ. పడుతుంది. అంటే అమెరికా లెక్కలో నాలుగో స్పూను కూడా వేసినట్టే.

కొరియాండర్ కూడా ఈ బాపతే. ఇంగ్లండ్‌వాళ్లు ఆకునీ గింజనీ ఆ పేరుతోనే పిలుస్తారు. అమెరికాలో ఆకు సిలాంట్రో, కొరియాండర్ అంటే ధనియాలు. బ్రిటిష్ వంటకంలో గుప్పెడు కొరియాండర్ అంటే కొత్తిమీర అని అర్థం, గుప్పెడు ధనియాలు పొయ్యకండి. ఫస్ట్ ఫ్లోర్ అంటే అమెరికాలో మన గ్రౌండ్ ఫ్లోరే. ఇంటర్వ్యూలో ఫలానా ఏడాది పాసౌట్ అయ్యానని చెబితే స్పృహ తప్పానని చెప్పినట్టు.

కారు దగ్గర స్టెప్నీ అనకండి, ఎవరికీ తెలియదు. అది మన మాట కాదు సుమా, బ్రిటన్‌వాళ్లదే. 1904లో వేల్స్‌లోని లనెల్లిలో, స్టెప్నీ స్ట్రీట్‌లో డేవిస్ సోదరులు మొదలుపెట్టిన స్పేర్ వీల్ పేరు. వాళ్లు మర్చిపోయారు, మన మెకానిక్కులు నిలబెట్టారు. అమెరికాలో స్పేర్ అంటే చాలు.

పేరు వేరైనా వస్తువు ఒకటే అయ్యి ప్రమాదం తెచ్చేది నాకు తెలిసి ఒకటుంది. మన పారాసెటమాల్‌ని అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. సూట్‌కేసులోంచి 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ వేసుకుని, తగ్గలేదని అక్కడ అదే మందుని అమ్మే టైలెనాల్ కొనుక్కుని, పైగా రాత్రికి జలుబు సిరప్ తాగితే ఒకే మందు మూడుసార్లు పడవచ్చు. పెద్దవాళ్లకి రోజు మొత్తానికి గరిష్ఠం 4 గ్రాములు, దాటితే దెబ్బ తినేది కాలేయం. సీసా వెనకవైపు యాక్టివ్ ఇంగ్రీడియెంట్స్ అని గడి ఉంటుంది, ఎసిటమినోఫెన్ అన్న పేరు అందులో ఉందేమో చూసి, మిల్లీగ్రాములు కూడుకున్నాకే మూత తియ్యండి.