హెడ్‌లైట్ డిమ్‌గా ఉందని ఫోకస్ లైట్లు వేయించే ముందు

మీరు అడిగింది ఇదీ: పది టైర్ల లారీ, కొనుగోలు సెంటర్ల నుంచి మిర్యాలగూడ మిల్లులకు రాత్రిపూట వడ్ల లోడ్లు. రెండు హెడ్‌లైట్లూ డిమ్ము, బల్బులు మార్చినా అంతే. హెడ్‌లైట్ వైరుకే రెండు ఫోకస్ లైట్లు కలిపేస్తానని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు, వేయించాలా వద్దా?

ఆ వైరుకు మాత్రం కలపనివ్వకండి అన్నా. ఉన్న రెండు బల్బులకే కరెంటు సరిగా అందడం లేదు. ఇంకో రెండు తగిలిస్తే నాలుగూ ఎర్రగా మిణుకుమంటాయి, డిప్పర్ స్విచ్చి (హై బీమ్ నుంచి డిప్‌కు, అంటే లో బీమ్‌కు మార్చేది) వేడెక్కి కరిగిపోతుంది.

నాది నల్లగొండ. బండి కొనకముందు ఆటో ఎలక్ట్రికల్ షాపులో పనిచేశాను, ఇప్పుడు నా లారీ వాడపల్లి సిమెంటు మీద తిరుగుతోంది. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నప్పుడు దాని లైట్లు కూడా మీరు చెప్పినట్టే ఉండేవి.

ముందు ఒక చిన్న పరీక్ష. బండి స్టార్ట్ చేసి, లైట్లు వేసి, ఎవరినైనా కొంచెం రేస్ చేయమనండి. రేస్‌తో పాటు వెలుగు బాగా పెరిగితే బెల్టు, ఆల్టర్నేటర్, బ్యాటరీలు చూడాలి. పెరగకపోతే తప్పు దాదాపుగా వైరింగులోనే. ఒక్క వైపే డిమ్ముగా ఉంటే ఆ వైపు హోల్డరు, ఎర్తు (చాసిస్‌కు బిగించే మైనస్ వైరు) చూడాలి. మీకు రెండు వైపులా ఉందంటున్నారు కాబట్టి నాకు స్విచ్చి మీద, మెయిన్ ఎర్తు మీద అనుమానం.

తర్వాత మల్టీమీటరు. టెస్ట్ ల్యాంపుతో చూసి 'కరెంటు వస్తోంది' అంటే నమ్మకండి. ఆ చిన్న బల్బుకు కావాల్సింది చాలా తక్కువ, వైరులో ఒక్క పోగు మిగిలినా అది వెలుగుతుంది. బల్బు హోల్డరు పెట్టే ఉండాలి, లైటు వెలుగుతూనే ఉండాలి, అప్పుడే కొలవాలి. లారీలో రెండు 12 వోల్టుల బ్యాటరీలు సిరీస్‌లో ఉంటాయి కాబట్టి ఇంజన్ నడుస్తుండగా మొత్తం మీద 27.5 నుంచి 28.5 వోల్టుల దాకా రావాలి. నా బండికి బ్యాటరీ దగ్గర 27.8 ఉంటే, బల్బు దగ్గర 23.9 ఉంది. దారిలో 3.9 వోల్టులు మాయం.

ఎక్కడ పోతున్నాయో కూడా మీటరే చెబుతుంది. ఒక ప్రోబు బ్యాటరీ ప్లస్ మీద, రెండోది బల్బు ప్లస్ పిన్ను మీద పెట్టండి. చూపించినంతా ప్లస్ దారిలో పోతున్నదే. నాకు 2.9 చూపించింది. అలాగే బ్యాటరీ మైనస్‌కూ బల్బు ఎర్తు పిన్నుకూ మధ్య కొలిస్తే 1.0 వచ్చింది. ఒక్కో వైపు అర వోల్టు లోపే ఉండాలి. నాలుగు వోల్టులే కదా అనిపిస్తుంది కానీ, హాలోజన్ బల్బుకు వోల్టేజి పది శాతం తగ్గితే వెలుగు ముప్పై శాతం దాకా పడిపోతుంది. నా లెక్కన బల్బు నలభై శాతం వెలుగు పోగొట్టుకుని నడుస్తోంది.

ఎర్తు సంగతి తేలిక. థింబుల్ (వైరు చివర బోల్టుకు బిగించే రింగు) విప్పితే లోపల పచ్చగా చిలుము. చాసిస్ మీద పెయింటు గీకి, కొత్త థింబుల్ వేసి, బిగించి, పైన గ్రీజు రాస్తే అయిపోయింది. ప్లస్ వైపు అసలు రోగం ఏమిటంటే, పాత బండ్లలో హెడ్‌లైట్ కరెంటు మొత్తం క్యాబిన్‌లోని స్విచ్చి, డిప్పర్ గుండా తిరిగి వస్తుంది. వాటి పాయింట్లు కాలి నల్లబడి ఉంటాయి. అందుకని హై బీమ్‌కు ఒకటి, డిప్‌కు ఒకటి 24 వోల్టుల రిలేలు పెట్టాను. రిలే అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్చి. పాత వైరు ఇక రిలే కాయిలుకు సిగ్నల్ ఇవ్వడానికే, అసలు కరెంటు బ్యాటరీ నుంచి ఫ్యూజు మీదుగా నేరుగా వస్తుంది. బల్బులు అవే 75/70 వాట్లవి, లైట్లు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. ఇంత చేసినా డల్‌గానే ఉంటే డూమ్ (బల్బు వెనక అద్దంలా మెరిసే గిన్నె) లోపల సిల్వర్ పోయిందేమో చూడండి, పోతే మార్చడమే.

ఇవన్నీ అయ్యాక కూడా ఫోకస్ లైట్లు కావాలనిపిస్తే వేయించండి. నన్నడిగితే మీ రూటుకు అవసరం తక్కువ. కోతల కాలంలో ఊరి రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోసి చుట్టూ రాళ్లు పెడతారు. ఎదురుగా బండి వచ్చి మీరు డిప్ చేసినప్పుడే ఆ రాళ్లు కనబడాలి, అప్పుడు ఫోకస్ లైట్లు ఎలాగూ ఆర్పాల్సిందే. హైవే మీద ఖాళీ రోడ్డుకైతే పనికొస్తాయి.

వైరింగ్ ఇలా: బ్యాటరీ ప్లస్ నుంచి, దానికి దగ్గరలోనే 10 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి 2.5 స్క్వేర్ ఎంఎం వైరు రిలే 30వ పిన్నుకు (ఈ నంబర్లు రిలే మీదే రాసి ఉంటాయి). 87 నుంచి లైట్లకు. హై బీమ్ వైరు నుంచి డ్యాష్‌బోర్డు స్విచ్చి మీదుగా 86కు, 85 ఎర్తుకు. ఇలా ఇస్తే డిప్ కొట్టగానే అవీ ఆరిపోతాయి. 70 వాట్లవి రెండంటే ఆరు ఆంపియర్లు, ఆ ఫ్యూజు చాలు. పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి.

ఒక్కటి గట్టిగా చెబుతున్నా. కారు ఫోకస్ లైట్లు చవగ్గా దొరుకుతాయని ఒక్క బ్యాటరీ నుంచి 12 వోల్టులు లాగుతారు చాలామంది. ఆ బ్యాటరీ ఎప్పుడూ సగం చార్జిలోనే ఉంటుంది, రెండోది ఓవర్‌చార్జ్ అయి నీళ్లు తాగేస్తుంది. చివరికి రెండూ పోతాయి. 24 వోల్టుల లైట్లే కొనండి, లేదంటే 10 నుంచి 30 వోల్టులని రాసి ఉన్న ఎల్‌ఈడీలు.

మీటరు రీడింగులు మూడూ ఇక్కడ పెట్టండి: బ్యాటరీ మీద, ప్లస్ వైపు, ఎర్తు వైపు. చూసి ఏది విప్పాలో చెబుతాను.