బీఈడీ వద్దు, సోషియాలజీ చేస్తానంటే ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది నర్సంపేట. ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి దుకాణంలో గుమాస్తాగా చేస్తున్నాను. మా అమ్మాయి హనుమకొండలో బీఏ ఆఖరు సంవత్సరం. బీఈడీ చెయ్యమంటే వినడం లేదు. సోషియాలజీలో పీజీ చేసి ప్రభుత్వ పథకాల మీద పనిచేస్తానంటోంది. 'పబ్లిక్ అఫైర్స్' అని అమెరికా కోర్సులేవో చూపిస్తోంది. ఆ చదువుతో కొలువు వస్తుందా? ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: కొలువు వస్తుంది. కానీ నోటిఫికేషన్ పడి, ర్యాంకు వచ్చి, రిటైరయ్యే దాకా కదలకుండా ఉండే కొలువు కాదు. మొదటి కొన్నేళ్లు కాంట్రాక్టు పనులే ఎక్కువ. స్వచ్ఛంద సంస్థలు, సర్వేలు చేసే సంస్థలు, కంపెనీల సీఎస్ఆర్ (సామాజిక సేవ) విభాగాలు, పరిశోధన ప్రాజెక్టుల్లో ఉంటాయి. ఇది ముందే తెలిసి దిగితే తర్వాత ఇంట్లో గొడవలుండవు.

ఇక ఆ చదువు ఏమిటన్నది. మీరు రోజూ చూసేదే చెబుతాను. పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ మద్దతు ధర ఇస్తుందని తెలిసీ రైతు పత్తిని ప్రైవేటు వ్యాపారికి ఎందుకు అమ్ముతాడు? తేమ 8 శాతం దాటితే ధర తగ్గుతుంది, 12 దాటితే సీసీఐ కొనదు. ఇది అందరికీ కనిపించే కారణం. కనిపించనివి ఇంకా ఉన్నాయి. కౌలు రైతుకు తన పేరున పట్టాదారు పాస్‌బుక్ ఉండదు. విత్తనాలకు, మందులకు ముందే అప్పు ఇచ్చిన అడ్తిదారును కాదని సరుకు వేరే చోటికి తోలలేడు. కూలీల డబ్బు ఆ వారమే కట్టాలి. పథకం రాసిన కాగితంలో ఇవేవీ ఉండవు. ఎంతమంది ఏ కారణంతో ఆగిపోతున్నారో ఊరూరా తిరిగి లెక్కతీసి, ఏ నిబంధన మారిస్తే ఎవరికి మేలో అధికారికి చెప్పడమే అప్లైడ్ సోషియాలజీ. మీ అమ్మాయికి ఆ ఆసక్తి మీ ఇంట్లోనే పుట్టిందేమో!

మన ఉత్తర తెలంగాణకు ఈ పని కొత్త కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయాక, గోండుల పరిస్థితి అధ్యయనం చెయ్యమని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్తను పంపింది. ఆయన మార్లవాయిలో వాళ్ల మధ్యే ఉండి పనిచేశాడు. గోండులకు భూమి పట్టాలు, గోండీలో బడులు రావడంలో ఆ పనికి పెద్ద పాత్రే ఉంది.

కోర్సు పేరు చూసి మోసపోవద్దు. సిలబస్ తెరిచి రెండు వెతకమనండి: స్టాటిస్టిక్స్ పేపర్, ఫీల్డ్‌వర్క్. రెండూ లేకపోతే ఆ పీజీ పరీక్షలకు పనికొస్తుంది గానీ ఈ పనికి చాలదు. బీఏ పిల్లలు లెక్కలంటే భయపడి ఇక్కడే జారిపోతారు. ఈ ఏడాదే ఎక్సెల్‌తో మొదలుపెట్టమనండి. తెలుగు బాగా వచ్చి, తండాలో కూర్చుని మాట్లాడగలగడం మాత్రం హైదరాబాద్ పిల్లల దగ్గర లేని బలం. లంబాడీయో కోయయో కొంచెం వస్తే ఇంకా మంచిది.

పబ్లిక్ అఫైర్స్ అనే పేరుతో మన దగ్గర వెతకొద్దు. పబ్లిక్ పాలసీ, డెవలప్‌మెంట్ స్టడీస్, సోషియాలజీ పేర్లతో చూడాలి. కాకతీయ యూనివర్సిటీతో సహా రాష్ట్ర యూనివర్సిటీలకు సీపీగెట్ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష రాయాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి, టిస్‌కు (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) సీయూఈటీ పీజీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష. బెంగళూరు అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీకి సొంత పరీక్ష ఉంది, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో సాయం చేస్తారు. నన్నడిగితే ముందు సీయూఈటీ పీజీకి గట్టిగా కూర్చోవాలి, సీపీగెట్ కూడా వదలకూడదు.

అమెరికాకు ఇప్పుడే వద్దు. ఇంజనీరింగ్ పిల్లలు అప్పుచేసి వెళ్లినట్టు ఈ కోర్సుకు వెళ్తే ఆ అప్పు తీరే జీతం అక్కడ వస్తుందన్న భరోసా లేదు. ఇక్కడ పీజీ చేసి, రెండు మూడేళ్లు పనిచేశాక వెళ్తే స్కాలర్‌షిప్‌కు అవకాశం మెరుగవుతుంది. రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు 20 లక్షల వరకు ఇస్తాయి. మీకు వర్తిస్తుందో లేదో అప్పుడు చూసుకోవచ్చు.

బీఈడీ ఎక్కడికీ పోదు, తర్వాతైనా చెయ్యొచ్చు. ఇంటర్ కాలేజీల్లో సోషియాలజీ లెక్చరర్ పోస్టుల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. గ్రూప్స్ రాస్తే ఈ చదువు వృథా కాదు: గ్రూప్-2 రెండో పేపర్లో సామాజిక నిర్మాణం, సమస్యలు, ప్రభుత్వ విధానాలు ఒక భాగం. సివిల్స్‌లో సోషియాలజీ ఆప్షనల్‌కు 500 మార్కులు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) వస్తే పీహెచ్‌డీలో నెలకు 37,000 ఫెలోషిప్.

ఇంకొకటి. మీరు బీసీలైతే, మీ కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ సెంట్రల్ యూనివర్సిటీలో చెల్లదు, నాన్ క్రీమీలేయర్ (కుటుంబం సంపన్న వర్గంలోకి రాదనే) సర్టిఫికెట్ వేరే కావాలి. మీసేవలో దరఖాస్తు పెట్టినా తహసీల్దార్ ఆఫీసు నుంచి చేతికి రావడానికి టైం పడుతుంది, కౌన్సెలింగ్ దాకా ఆగకండి.