ఎస్‌టీపీ నీళ్లు తోటకి వదిలే ముందు

చిన్నా,

మీ మందుల ఫ్యాక్టరీలో ఎస్‌టీపీ (వాడిన మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు), గ్రీన్‌బెల్టు (ఫ్యాక్టరీ చుట్టూ పెంచే చెట్ల తోట) రెండూ నీకే అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. నువ్వు పంపిన ల్యాబు రిపోర్టు చూశాను. బీఓడీ, అంటే నీళ్లలో మిగిలిన కుళ్లే మురికి కొలత, లీటరుకి 10 మిల్లీగ్రాముల లోపే ఉంది, మంచిదే. కానీ అది చూసి నిశ్చింతగా కూర్చోకు. ఆ శాంపిలు ట్యాంకు దగ్గర పట్టింది, గొడవలన్నీ ట్యాంకుకి ముందో తర్వాతో ఉంటాయి.

ముందు డ్రాయింగు పక్కన పడేసి, ప్లంబర్ని వెంటబెట్టుకుని ఏ డ్రైను ఎక్కడ కలుస్తోందో నడిచి చూడు. ఎస్‌టీపీకి రావాల్సింది టాయిలెట్ల నీళ్లు, క్యాంటీన్ నీళ్లు, అంతే. రియాక్టర్లు కడిగినవి, ల్యాబు సింకువి ఈటీపీకి (రసాయనాల నీళ్లు శుద్ధి చేసే వేరే ప్లాంటుకి) పోవాలి. ఎప్పుడో ఎవరో తాత్కాలికమని వేసి వదిలేసిన పైపు ఒకటి ఎక్కడో ఉంటుంది, వెతుకు. మందుల కంపెనీలో ఇది చిన్న విషయం కాదురా. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి ప్లాంటు నుంచి బయటికొచ్చిన నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. శుద్ధి చేశాక కూడా అంత! బీఓడీ పరీక్షలో ఇలాంటివి కనిపించవు.

సాఫ్ట్‌నర్ రీజనరేషన్ నీళ్లు (నీటి గట్టిదనం తీసే యంత్రాన్ని ఉప్పుతో కడిగినవి), ఆర్‌ఓ రిజెక్టు (ఆర్‌ఓ ఫిల్టరు వదిలేసే ఉప్పునీళ్లు) కూడా అంతే, వాటిని "ఉప్పే కదా" అని తోట ట్యాంకులో కలిపేస్తారు. చెట్టు ఒక్కరోజులో చావదు కాబట్టి ఎవరికీ తెలియదు. ముందు ఆకు అంచులు మాడతాయి, డ్రిప్పు చుక్క పడేచోట చుట్టూ తెల్లటి పొర కడుతుంది, ఆ తర్వాత నేల బిగుసుకుపోయి నీళ్లు ఇంకక పైనే నిలుస్తాయి. నీళ్లలో ఉప్పెంతుందో చూపే, చేతిలో పట్టుకునే ఈసీ మీటరు ఒకటి కొనిపించు. సెంటీమీటరుకి మైక్రోసీమెన్స్‌లో 700 లోపు చూపిస్తే భయం లేదు, 3,000 దాటితే ఆ నీళ్లు చాలా మొక్కలకు పనికిరావు.

ఇక అసలు సంగతి. తోటకి నీళ్లు పెట్టడం వేరు, ఉన్న నీళ్లు ఎక్కడో ఒకచోట పారబోయడం వేరు. చాలా ఫ్యాక్టరీల్లో గ్రీన్‌బెల్టు పేరుతో జరిగేది రెండోదే. పచ్చిక రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్లు తాగుతుందనుకో, ఎకరానికి 20 కిలోలీటర్లు అవుతుంది. అది ఎండాకాలం లెక్క. వానాకాలంలో దానికి మన నీళ్లు దాదాపు అక్కర్లేదు, కానీ క్యాంటీనూ టాయిలెట్లూ ఆగవుగా, ప్లాంటు అంతే నీళ్లు ఇస్తూనే ఉంటుంది. అప్పుడు చేసేదేమీ లేక మాలి వాల్వు తిప్పి వదిలేస్తాడు, అవి పొర్లి వాన కాలువలో పడి ఊరి చెరువుకి చేరతాయి. తప్పు మాలిది కాదు, ముందుగా ఆలోచించని మనది. టాయిలెట్ ఫ్లషింగుకి వేరే లైను వేయించు, నిల్వ ట్యాంకు పెద్దది అడుగు. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చిన అనుమతి పత్రం (కన్సెంటు)లో ఏ పనికి ఎంత వాడతామని రాశారో కూడా ఒకసారి చదువు.

స్ప్రింక్లర్లు వద్దు, వాటి తుంపర గాలికి షిఫ్టు మారే వాళ్ల మొహాల మీద పడుతుంది. డ్రిప్పు మేలు, కాకపోతే ముందు ఫిల్టరు పెట్టకపోతే నెలలోపే మూసుకుపోతుంది. తోటలో కుళాయికి పిడి తీసేసి తాళం వేయించు, "తాగరాదు" అని తెలుగులో, హిందీలో రాయించు, కాంట్రాక్టు కూలీల్లో సగం మందికి ఇంగ్లీషు బోర్డు వల్ల ఉపయోగం లేదు. ఎండలో పనిచేసే మనిషి పారే నీళ్లు కనిపిస్తే దోసిలి పట్టకుండా ఉండడు, కాబట్టి దగ్గర్లోనే మంచినీళ్ల డ్రమ్ము పెట్టించు. కరివేపాకు, జామ లాంటివి అక్కడ వెయ్యనివ్వకు. వేప, కానుగ చాలు.

హైపో (నీళ్లలో క్రిములు చంపడానికి కలిపే క్లోరిన్ ద్రావణం) డబ్బాలు ఎండలో పెడితే బలం పోతుంది, నీడలో ఉంచు. నీళ్లలో కలిపిన అరగంట తర్వాత లీటరుకి 0.5 మిల్లీగ్రాము క్లోరిన్ మిగలాలి. ట్యాంకు దగ్గరే కాదు, లైను చివర కూడా చూడు.

ట్యాంకులోకి మనిషిని దించాల్సి వస్తే గ్యాస్ మీటరు పెట్టకుండా, పైన కాపలా లేకుండా దించకు. కుళ్లిన గుడ్డు వాసన (హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువుది) ఆగిపోయిందంటే గ్యాస్ పోయినట్టు కాదు, ముక్కు మొద్దుబారి ఉండొచ్చు.

పైపుల పని మే నెలలోనే అయిపోవాలి, వానలు పడితే తవ్వనివ్వరు. డ్రైన్లు నడిచి చూశాక ఫోన్ చెయ్యి, సాయంత్రం ఆరు తర్వాత ఎప్పుడైనా సరే.

మీ పెదనాన్న