ఎనర్జీ మేనేజ్‌మెంట్ పీజీకి మెరిట్ స్కాలర్‌షిప్, కన్సల్టెన్సీకి డబ్బు కట్టే ముందు ఇది చదువు

తమ్ముడూ, నువ్వు అడిగింది ఇదే కదా, ట్రిపుల్ ఈ ఫైనల్ ఇయర్, 8.2 సీజీపీఏ, ఎనర్జీ మేనేజ్‌మెంట్‌లో పీజీ చెయ్యాలనుంది, కన్సల్టెన్సీ వాళ్ళేమో డబ్బు కడితే స్కాలర్‌షిప్ గ్యారంటీ అంటున్నారు, కట్టాలా వద్దా అని. కట్టొద్దు. నేను కట్టి పోగొట్టుకున్నా, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా.

నేను చదివింది జర్మనీ ఓల్డెన్‌బుర్గ్ యూనివర్సిటీలో, రెన్యూవబుల్ ఎనర్జీ మాస్టర్స్, 1987లో మొదలైన కోర్సు. డబ్బు ఇచ్చింది డాడ్ (DAAD), అంటే విదేశీ విద్యార్థులకి స్కాలర్‌షిప్‌లు ఇచ్చే జర్మన్ సంస్థ, ఎపోస్ (EPOS) అనే స్కీమ్ కింద. మన ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈపాస్ వేరు, ఇది వేరు, పేరు చెప్తే మా అమ్మ కూడా అదే అనుకుంది. 2024 నుంచి పీజీ వాళ్ళకి నెలకి 992 యూరోలు ఇస్తున్నారు, హెల్త్ ఇన్సూరెన్స్, విమానం ఖర్చుకి కొంత, క్లాసులకి ముందు జర్మన్ భాష కోర్సు కూడా వాళ్ళదే.

ఇందులో మెరిట్ అంటే మనం అనుకునే మెరిట్ కాదు. మార్కులు మంచివి ఉండాల్సిందే, కానీ డిగ్రీ అయ్యాక కనీసం రెండేళ్ళ ఉద్యోగం చేసుండాలి, డిగ్రీ పూర్తయ్యి ఆరేళ్ళు దాటకూడదు. అంటే ఇప్పటికిప్పుడు నీకు 10 సీజీపీఏ ఉన్నా రాదు, ఆ కన్సల్టెన్సీ వాళ్ళు నీకు చెప్పనిది ఇదే. పైగా అప్లికేషన్ నేరుగా యూనివర్సిటీకే పంపాలి, మధ్యలో ఎవరికీ పని లేదు.

నేను కర్నూలు సోలార్ పార్కులో, అదే 1,000 మెగావాట్లది, అక్కడ ఒక ప్లాంట్‌లో సైట్ ఇంజినీర్‌గా చేశా. మొదటిసారి అప్లై చేసినప్పుడు మోటివేషన్ లెటర్, అంటే ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నామో చెప్పే ఉత్తరం, కన్సల్టెన్సీ వాళ్ళే రాసిచ్చారు, వాతావరణ మార్పు ప్రపంచానికి పెద్ద సమస్య, జర్మనీ ఈ రంగంలో ముందుంది, ఇట్లాంటివే రెండు పేజీలు, ఎవరి పేరు పెట్టినా సరిపోయే లెటర్. రిజెక్ట్. తర్వాతి ఏడాది నేనే కూర్చుని రాసుకున్నా. మధ్యాహ్నం ఎండ దంచుతుంటే బ్యాక్‌డౌన్ చెయ్యమని, అంటే కరెంటు ఉత్పత్తి తగ్గించమని ఫోన్ వచ్చేది, ఉన్న కరెంటు ఉన్నట్టే వదులుకునేవాళ్ళం, మళ్ళీ సాయంత్రం అయితే ఊళ్ళల్లో కోతలు. ఎండాకాలం పక్క ఊరి వాళ్ళు తాగునీళ్ళకి ట్యాంకర్ కోసం ఎదురుచూస్తుంటే మేము ప్యానెళ్ళు కడగడానికి ట్యాంకర్లు తెప్పించేవాళ్ళం, అది చూసి నిజంగా నిద్రపట్టేది కాదు నాకు. ఇవే రాశా, కరెంటు నిల్వ గురించీ నీళ్ళ వాడకం గురించీ ఏం నేర్చుకోవాలి, తిరిగొచ్చి ఎక్కడ వాడతాను అని. వచ్చింది. అంతకుముందు ఏడాదికీ దానికీ నా మార్కులేమీ మారలేదు కదా, మారింది ఆ లెటరే.

ఆగలేను, ఇప్పుడే వెళ్ళాలి అంటే దారులు ఉన్నాయి. యూరోపియన్ యూనియన్ ఇచ్చే ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ చూడు, నెలకి 1,400 యూరోలు, ట్యూషన్ ఫీజు లేదు, ఫైనల్ ఇయర్ వాళ్ళు కూడా అప్లై చెయ్యొచ్చు, ఎనర్జీలో డెన్‌సిస్ లాంటి కోర్సులున్నాయి, పోటీ మాత్రం చాలా ఎక్కువ. ఇక్కడే ఉంటానంటే గేట్ రాయి, ఎంటెక్‌కి నెలకి 12,400 రూపాయలు వస్తుంది, ఐఐటీ బొంబాయి, ఐఐటీ ఢిల్లీల్లో ఎనర్జీకి వేరే డిపార్ట్‌మెంట్లే ఉన్నాయి. స్కాలర్‌షిప్ లేకుండా జర్మనీ వెళ్ళాలంటే చాలా గవర్నమెంట్ యూనివర్సిటీల్లో ఫీజు దాదాపు ఉండదు, బాడెన్ వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం సెమిస్టర్‌కి 1,500 యూరోలు, కానీ వీసాకి బ్లాక్డ్ అకౌంట్‌లో (ముందే డబ్బు వేసి, నెలకి కొంత మాత్రమే తీసుకోగలిగే ఖాతా) 11,904 యూరోలు చూపించాలి, ఇంట్లో ఆ డబ్బు ఉందో లేదో ముందే మాట్లాడుకో.

నన్నడిగితే రెండేళ్ళు ఏదో ఒక ప్లాంట్‌లో గానీ, ఎనర్జీ ఆడిట్ (కరెంటు, ఇంధనం ఎక్కడ వృథా అవుతుందో లెక్కతీసే పని) చేసే చోట గానీ జాయిన్ అవ్వు, సాఫ్ట్‌వేర్‌కి వెళ్ళిపోతే ఈ స్కాలర్‌షిప్‌కి ఆ అనుభవం అంతగా పనికిరాదు. జాయినింగ్ లెటర్, రిలీవింగ్ లెటర్ తేదీలతో సహా దాచుకో. సైట్‌లో నీకు తప్పు అనిపించింది ఏదైనా ఒక డైరీలో రాసుకుంటూ ఉండు, మోటివేషన్ లెటర్ రాసేరోజు అదే కావాలి. సీవీ యూరోపాస్ అనే యూరప్ నమూనా ఫార్మాట్‌లోనే పెట్టు, ప్రింట్ తీసి పెన్నుతో సంతకం చేసి స్కాన్ చెయ్యి, లాస్ట్ డేట్ ఒక్కో కోర్సుకి ఒక్కోటి ఉంటుంది, కోర్సుల లిస్టు కూడా మారుతూ ఉంటుంది కాబట్టి ఏ ఏడుకి ఆ ఏడు డాడ్ వెబ్‌సైట్‌లోనే చూసుకో.