కేసు పెడితే అత్తారిల్లు వదిలేయాలా? అక్కర్లేదండీ

సఖినేటిపల్లి వైపు ఇచ్చిన మీ చెల్లెల్ని భర్త కొడుతున్నాడనీ, కేసు పెడితే ఇంట్లోంచి గెంటేస్తారనీ, పసుపు కుంకుమ కింద మీవాళ్లిచ్చిన పొలం కాగితాలు అత్తగారి దగ్గరే ఉన్నాయనీ రాశారు. కోనసీమ కోడలిగా నేనూ ఇది పడ్డాను, అందుకే చెబుతున్నా. గృహహింస కేసు వేరు, విడాకులు వేరు. 2005 గృహహింస చట్టం ప్రకారం ఆ ఇల్లు ఆమె పేరున లేకపోయినా అందులో ఉండే హక్కు ఆమెకుంది. కొట్టొద్దని, గెంటొద్దని, ఖర్చులకివ్వమని, బంగారం, కాగితాలు తిరిగిచ్చేయమని మేజిస్ట్రేట్ ఆర్డరు వేయొచ్చు. పొలం రిజిస్టరై ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సర్టిఫైడ్ కాపీ ఈలోపే తీసుకోండి.

మా ఇంట్లో ముందు పెద్దమనుషుల్లో పెట్టారు. ఇకమీదట చెయ్యి చేసుకోనని ఆయనచేత కాగితం రాయించారు. నెల తిరక్కుండా మళ్లీ మొదలు. ఆ కాగితాన్ని అమలు చేయించే నాథుడే లేడు. కోర్టు ఇచ్చే రక్షణ ఆర్డరు అలా కాదు, దాన్ని దాటితే అదే నేరం: ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా. మా ఆయన చెయ్యి ఆగింది ఆ ఆర్డరు వచ్చాకే.

ముందు మహిళా హెల్ప్‌లైన్ 181కి చేయించండి. రాత్రీపగలూ ఎత్తుతారు, డబ్బులు పడవు. ఫోన్ అతను చూస్తాడనే టెన్షన్ ఉంటే ఇంకెవరి ఫోన్ నుంచైనా చేయొచ్చు. నేను మా అంగన్‌వాడీ టీచరు ఫోన్ నుంచి చేశాను, ఆవిడ రుణం తీర్చుకోలేను. ప్రాణం మీదికొస్తే మాత్రం 112. సఖి వన్ స్టాప్ సెంటర్లో వైద్యం, కౌన్సెలింగ్, పోలీసు, లాయరు సాయం ఒకేచోట దొరుకుతాయి, కొద్ది రోజులు ఉండనిస్తారు కూడా. ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన రక్షణాధికారి జరిగినదంతా రాసుకుని డీఐఆర్ (గృహహింస సంఘటన నివేదిక) అనే రిపోర్టు కోర్టుకి పంపుతారు.

దెబ్బ తగిలితే ఇంటి దగ్గర కట్టు కట్టించుకుని ఊరుకోవద్దని చెప్పండి. ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి, జారిపడ్డానని అనకూడదు. మా అత్తగారు పక్కన నిలబడి ఉండగానే ఎవరు కొట్టారో చెప్పాను. డాక్టరుగారు అలాగే రాశారు. కోర్టులో అన్నిటికన్నా పనికొచ్చింది ఆ చీటీయే.

లాయరు ఫీజు గురించి బెంగ వద్దు. న్యాయసేవాధికార సంస్థ నుంచి ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్ని ఉచితంగా పెడతారు, నంబరు 15100. కేసు మాత్రం లాగుతుందండీ. తొలి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో వేయాలని, 60 రోజుల్లో తేల్చడానికి చూడాలని చట్టంలో ఉన్నా, నాకు అంతకన్నా చాలా ఎక్కువే పట్టింది. అందుకని అర్జీతోపాటే మధ్యంతర ఉత్తర్వులు, అంటే కేసు తేలేలోపే ఇచ్చే ఆర్డర్లు కూడా అడగమని లాయరుకి గట్టిగా చెప్పండి. ఒకవేళ ఆమె అక్కడ ఉండలేక నర్సాపురం మీ ఇంటికి వచ్చేసినా, కేసు మీ వైపు కోర్టులోనే వేయొచ్చు. వాయిదా వాయిదాకీ పంటు ఎక్కి గోదావరి అవతలికి తిరగక్కర్లేదు.